అరటిపండు పరీక్ష నెగ్గిన రంపం

గుమ్మలమెట్ట ఘాటురోడ్డు మీద తిరిగే ప్రతి వాహనంలోనూ ఒక రంపం ఉండి తీరాలని బోర్డు పెట్టిన రోజున, మా కొండ మీద అందరికంటే ఎక్కువ సంతోషించినదాన్ని నేనే.

కారణం మా గుంట. పేరు హేమశ్రీ. ఇంకా రెండేళ్ళు నిండలేదు. వానలు మొదలైతే చాలు, దానికి ఆయాసం పట్టుకుంటుంది. ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తాయి. కింద ఆసుపత్రిలో మూతికి గొట్టం పెట్టి మందుపొగ పట్టిస్తే గంటలో తేరుకుని బిస్కట్టు అడుగుతుంది. కాని ఆ పొగ దగ్గరికి చేరాలంటే ముప్పైయొక్క కిలోమీటర్ల దిగుడు, పద్దెనిమిది మలుపులు. దాని ఛాతీ మీద చెయ్యి వేసి ఊపిరి లెక్కపెట్టడం నాకు అలవాటైపోయింది. నిమిషానికి నలభై దాటితే దానికంటే ముందు నాకు ఊపిరాడదు.

కిందటేడు శ్రావణంలో అలాగే దిగుతూంటే రోడ్డుకి అడ్డంగా చెట్టు పడింది. మా ఆయన దాలినాయుడు జీపు ఆపాడు. వెనక ఎనిమిది బళ్ళు ఆగాయి. అందరం దిగి చెట్టును చూశాం. చూడటం అయ్యాక అటువైపు నుంచి కూడా చూశాం. ఎవరి దగ్గరా ఒక్క పనిముట్టు లేదు. నాలుగున్నర గంటల తరవాత ఎవరో వచ్చి కోసేసరికి గుంట పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. అది బాగానే బయటపడింది. నాకు మాత్రం అప్పట్నుంచి ఏ చెట్టును చూసినా, ఇది నిలబడి ఉందా, పడటానికి చూస్తోందా అన్న అనుమానం పోలేదు.

అందుకే బోర్డు చూడగానే, "మావా, బేగి పద. రంపం కొనాల" అన్నాను.

"బోర్డు ఇయ్యాలే కదే పెట్టినారు. రంగైనా ఆరనీ" అన్నాడు.

"రంగు ఆరీదాకా సెట్టు ఆగుద్దేటి?"

ఆగదని ఆయనకీ తెలుసు. జీపు తీశాడు.

కింద టౌనులో సామాన్ల కొట్టు పెంటయ్య గారు రంపాలన్నీ గోడకి వేలాడదీసి ఉంచారు. నేను ఒక్కొక్కదాని గురించీ అడిగాను. మడత రంపం చూపించారు. చేతిసంచిలో పట్టేస్తుంది, ముచ్చటగా ఉంది. జామకొమ్మలు, మునగకొమ్మలు ఇట్టే తెగుతాయట.

"మరి నల్లమద్ది సెట్టు?"

"నల్లమద్దికి దీన్ని సూపిత్తే నవ్వుద్దమ్మా."

తరవాత వడ్రంగి రంపం. అది ఎండిన పలకలకి. పచ్చిచెట్టులో పెడితే ఇరుక్కుంటుంది, దాన్ని బయటికి తియ్యడానికి ఇంకో రంపం కావాలి. ఆ తరవాత విల్లు రంపం. తేలిక, పచ్చికొయ్యకి మంచిది, కాని విల్లులో పట్టినంత లావుకే పనికొస్తుంది. ఆ తరవాత పెంటయ్య గారు ఉత్సాహంగా మిషను రంపం తీసి తాడు లాగారు. కొట్టు మొత్తం దద్దరిల్లింది. గుంట నా మెడలో దూరిపోయింది. పక్క కొట్టువాళ్ళు వీధిలోకి పరిగెత్తారు.

"వొద్దు బాబూ. ఆయాసానికి దడుపు జ్వరం కూడా తోడవుద్ది" అన్నాను.

చివరికి గోడకి అడ్డంగా ఉన్నదాన్ని దించారు. అయిదడుగుల పొడుగు, రెండు కొసలా రెండు పిడులు, గుంట చిటికెనవేలంత పళ్ళు. ఇద్దరు అటూ ఇటూ కూర్చుని లాగాలి. తడిచెట్టయినా లావుచెట్టయినా దీనికి తేడా లేదట. తుప్పు పడుతుందా, పళ్ళకి పదును ఎన్నాళ్ళకోసారి పెట్టాలి, నేను లాగగలనా, లాగేటప్పుడు గుంటను ఎక్కడ కూర్చోబెట్టాలి, అన్నీ అడిగాను.

పెంటయ్య గారు నుదురు తుడుచుకుని, "పెళ్ళికొడుకుని సూసినప్పుడైనా ఇన్ని అడిగినావేటమ్మా?" అన్నారు.

"అడుగుంటే నాను ఈ జీపులో ఒక్కన్నే తిరుగుతుండీవోణ్ణి" అన్నాడు మా ఆయన.

రంపాన్ని ఇంటికి తెచ్చి, పసుపు రాసి బొట్టు పెట్టాను. జీపులో సీట్ల కింద పొడుగ్గా సరిగ్గా సరిపోయింది. ఆ రాత్రి చాలా రోజుల తరవాత నిద్రపట్టింది.

మర్నాడు చెక్‌పోస్టు దగ్గర గార్డు గురువులు జీపు ఆపాడు. మా ఆయనకి వరసకి బావమరిది అవుతాడు గాని, టోపీ పెట్టుకుంటే చుట్టరికం మర్చిపోతాడు.

"రంపం ఉన్నాదా?"

"ఉన్నాది" అని గర్వంగా చూపించాం.

"అయితే దిగండి. అడివిలోకి కోత పనిముట్లు తేవడం నేరం."

అప్పుడు చూశాం. కొత్త బోర్డు పక్కనే పాత బోర్డు ఉంది. 'చెట్లు కోయు పరికరములతో ప్రవేశించుట నిషిద్ధము' అని. ఇన్నాళ్ళూ దాని మీద తీగ పాకి ఉంటే, కొత్త బోర్డు పెడుతూ శుభ్రంగా తుడిచి రెండింటికీ రంగు వేశారు.

"రంపం లేకపోతే ఎల్లనివ్వవు. ఉంటే ఎల్లనివ్వవు. మరెలగ ఎల్లాలిరా?" అన్నాడు మా ఆయన.

గురువులు రెండు బోర్డులూ నెమ్మదిగా చదివి, "రెండూ కలిపి సూత్తే ఎల్లకూడదనే ఉన్నాది బావా" అన్నాడు.

నన్ను ఎనిమిదో తరగతిలో బడి మాన్పించారు గాని, సర్కారు తెలుగు చదవగలను. ఎంత చదివినా నాకూ అలాగే ఉంది.

కొండదారి క్షేమ శాఖలో సహాయ పర్యవేక్షకులు చక్రధరం గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన బల్ల మీద గాజు పలక, దాని కింద పచ్చని అడవి బొమ్మ. మాట పూర్తిగా విన్నారు. విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"చూడమ్మా. శాఖ జారీ చేసిన రెండు ఉత్తర్వుల మధ్య వైరుధ్యం ఉండదు. ఉన్నట్టు ప్రజలకు తోచవచ్చు. మొదటి ఉత్తర్వు అడవి క్షేమం కోసం. రెండో ఉత్తర్వు ప్రయాణికుల క్షేమం కోసం. రెండు క్షేమాలూ ఏకకాలంలో అమలు కావలసి ఉంది."

"ఒకటి తీసెయ్యొచ్చు కదండీ?" అన్నాను.

ఆయన నావైపు జాలిగా చూశారు. "తీసేస్తే, జారీ చేసినవారు పొరబడ్డారని అర్థం వస్తుంది. మొదటిది జారీ చేసినవారు ఇప్పుడు పై కార్యాలయంలో ఉన్నారు. రెండోది జారీ చేసింది నేను."

ఇక తీయడానికి ఏమీ లేదని నాకూ అర్థమైంది.

వారం రోజుల్లో 'రంప సమన్వయ ఉపసంఘం' ఏర్పడింది. నలుగురు సభ్యులు. మూడుసార్లు కూర్చుని, బజ్జీలు తిని, తీర్మానం చేశారు. ప్రతి వాహనములోను రంపము ఉండవలెను. అయితే ఆ రంపమునకు కోయు శక్తి ఉండరాదు. శక్తి లేదని శాఖ పరీక్షించి అర్హతాపత్రము ఇచ్చును.

పరీక్ష చెక్‌పోస్టు పక్క రేకుల షెడ్డులో. బల్ల మీద ఒక బూడిదగుమ్మడికాయ పెట్టారు. మా రంపాన్ని ఒక కొసన గురువులు, ఇంకో కొసన ఇంకో గార్డు పట్టుకుని ఒక్కసారి లాగారు. కాయ రెండు చెక్కలైంది. చక్రధరం గారు తల అడ్డంగా ఊపారు.

"విఫలం. చాలా పేలవమైన ప్రదర్శన."

మా ఆయన మూడు రోజులు షెడ్డు బయట కూర్చుని ఆకురాయితో రంపం పళ్ళు అరగదీశాడు. రెండో పరీక్షలో వంకాయ తెగింది. మళ్ళీ విఫలం. మళ్ళీ అరగదీశాడు. మూడోసారి బాగా మగ్గిన చక్కెరకేళి పండు పెట్టారు. గార్డులిద్దరూ చెమటలు కక్కుతూ పది నిమిషాలు లాగారు. పండు నలిగింది, జారింది, గురువులు చొక్కాకి అంటుకుంది. తెగలేదు.

షెడ్డులో చప్పట్లు మోగాయి. చక్రధరం గారు లేచి నిలబడి మా ఆయనతో కరచాలనం చేశారు. "ఈ మార్గంలో మొట్టమొదటి అర్హత గల రంపం మీదే నాయుడు గారూ" అన్నారు. రంపం మీద ముద్ర వేశారు. అరిగిపోయిన పళ్ళ రజను ఒక కవరులో పోసి, లక్కవేసి, నా చేతిలో పెట్టారు.

"ఇదేటండీ?"

"మీ రంపం పళ్ళు. చెట్టు పడిన పక్షంలో, పడిన చెట్టు ఫోటో జతచేసి అర్జీ పెట్టుకుంటే, పళ్ళు తిరిగి అమర్చుకునేందుకు అనుమతి పరిశీలించబడుతుంది."

ఆ తరవాత పనులు చకచకా జరిగాయి. రంపం కనబడేలా ముందు సీట్లో పెట్టాలన్నారు. సీటులో పెట్టాక బెల్టు కట్టాలన్నారు. దాంతో నేను గుంటను ఒళ్ళో పెట్టుకుని వెనక్కి మారాను. డ్రైవర్లందరికీ రంపము మోయు విధానంపై రెండు రోజుల శిక్షణ ఇచ్చారు. మొదటి రోజు ఎడమచేత్తో, రెండో రోజు కుడిచేత్తో. రంపాల వారోత్సవం జరిగింది. బడిపిల్లలు 'రంపం, మన నేస్తం' అని అరుచుకుంటూ ఊరేగారు. ఉత్తమ రంపంగా మా రంపానికి పూలదండ వేశారు.

"మావా, సెట్టు పడితే ఏటి సేద్దాం?" అన్నాను దండ వాడిపోతూంటే.

"రంపాన్ని సూసి సిగ్గుపడి అదే లెగుసుద్ది."

ఆయనకి నవ్వులాటగా ఉంది. నాకు కాదు. ఆ నెలలోనే రెండుసార్లు గుంట ఊపిరి ముప్పై ఎనిమిది దాకా వెళ్ళి తగ్గింది. ఆయనకి చెప్పకుండా పెంటయ్య గారి కొట్టుకి వెళ్ళి విల్లు రంపం కొన్నాను. దాన్ని గుంట ఉయ్యాల గుడ్డలో చుట్టి, వెనక సీటు కింద తోశాను.

ఎనిమిది రోజులు దాగింది. తొమ్మిదో రోజు గురువులు గుడ్డ మూట పట్టుకుని లాగాడు.

"ఇదేటక్కా?"

"గుంట ఉయ్యాల."

విప్పి చూశాడు. "ఉయ్యాలకి పళ్ళొచ్చినాయేటి?"

"గుంటకి ఇంకా అన్నీ రానేదు, దానికైనా వొచ్చినాయి. ఒగ్గీరా" అని బతిమాలాను. ఒగ్గలేదు. చీటీ కట్టి తీసుకుపోయాడు. మేమొక్కళ్ళమే కాదని తరవాత తెలిసింది. అర్హత గల రంపం ముందు సీట్లో, అర్హత లేనిది సీటు కింద. మొత్తం పందొమ్మిది దొరికాయట.

భాద్రపదంలో ముసురు పట్టింది. మూడో రోజు పొద్దున్న గుంట పాలు తాగలేదు. చెయ్యి వేసి లెక్కపెట్టాను. నలభై నాలుగు. మళ్ళీ లెక్కపెట్టాను. నలభై ఆరు. జీపులో పడ్డాం. మాతో పాటు సంతకి అనాసపళ్ళ గంపతో సీదరమ్మ అత్త ఎక్కింది. డెబ్భై ఏళ్ళది, కొండంతా ఆమెని అత్తా అనే పిలుస్తుంది.

పదకొండో మలుపు తిరిగేసరికి ముందు బళ్ళన్నీ ఆగి ఉన్నాయి. రోడ్డుకి అడ్డంగా నల్లమద్ది. ఇద్దరు చేతులు కలిపినా అందని మాను, పడ్డప్పటి పచ్చివాసన ఇంకా వస్తోంది. ఒక పక్క లోయ, ఇంకో పక్క కొండ. పద్నాలుగు బళ్ళు, పద్నాలుగు అర్హత గల రంపాలు. మా ఆయన మా రంపం తీసి, ఇంకో డ్రైవరుతో కలిసి పావుగంట లాగాడు. చెట్టు బెరడు మెరిసింది. బాగా తోమిన గిన్నెలా.

నేను గుంటను భుజాన వేసుకుని బళ్ళ వరస ముందుకి నడిచాను. అన్నిటికంటే ముందు శాఖ జీపు ఉంది. పక్కన గొడుగు కింద చక్రధరం గారు, గురువులు. చక్రధరం గారు ఇస్త్రీ బట్టల్లో ఉన్నారు. కింద టౌనులో పై అధికారులతో సమావేశమట. ఈ ఏడు మా ఘాటులో ఒక్క చెట్టు కూడా కోయబడనందుకు ఆయనకి ప్రశంసాపత్రం ఇస్తారట.

ఆ జీపు వెనక భాగంలో పందొమ్మిది రంపాలు ఉన్నాయి. సమావేశంలో చూపించడానికి తీసుకెళ్తున్నారు. నా విల్లు రంపం పైనే ఉంది, ఉయ్యాల గుడ్డతో సహా.

"బాబూ, ఆ రంపాలిప్పించండి. గుంటకి ఊపిరాడ్డం లేదు."

ఆయన గుంటను చూశారు. ముఖం మారింది, అది మాత్రం నిజం చెప్పాలి. గురువులు వైపు చూశారు, చెట్టు వైపు చూశారు. మళ్ళీ ఫైలు వైపు చూశారు.

"అవి స్వాధీన వస్తువులమ్మా. అనర్హ పరికరాలు. వాటిని వాడనిచ్చే అధికారం నాకు లేదు. నా చేతుల్లో ఉంటే..."

"నీ జీపులోనే ఉన్నాయి కద బాబూ" అంది సీదరమ్మ అత్త గంపతో సహా వెనకాలే వచ్చి.

గుంట ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. మెడ దగ్గర చర్మం లోపలికి పోతోంది ప్రతి ఊపిరికీ. నాకు ఏడుపు రావాల్సింది. రాలేదు. వారోత్సవంలో పంచిన నియమాల పుస్తకం గుర్తొచ్చింది. భయంలో ఉన్నదానికి ఏది దొరికితే అది చదివే అలవాటు. ఆ పుస్తకం నేను ఆరుసార్లు చదివాను.

"అనర్హమని ఎవరు సెప్పినారండీ?" అన్నాను.

"అంటే?"

"నియమం పన్నెండు. 'పరీక్షించనిదే ఏ రంపమును అనర్హమని ప్రకటించరాదు.' నా రంపాన్ని పరీక్షించలేదు కదండీ. గురువులు సూసాడు, పట్టుకుపోయాడు. మిగతా పద్దెనిమిదీ?"

చక్రధరం గారు గబగబా ఫైలు తీశారు. పందొమ్మిది వరసలు. పరీక్షా ఫలితం అన్న గడి పందొమ్మిదింటికీ ఖాళీ. ఆయన ఫైలుని గురువులు ముందుకి తోశారు.

"గురువులూ! పై అధికారులు మొదట చూసేది ఈ గడే కదయ్యా!"

"మీరే వొద్దన్నారు సార్. గుమ్మడికాయలు దండగని."

"ఇప్పుడే, ఇక్కడే పరీక్షించాలి. గుమ్మడికాయ ఎక్కడ?"

"నేదు సార్. అనాసపళ్ళున్నాయి."

"నా పళ్ళ మీద సెయ్యేత్తే సెయ్యుండదు" అంది అత్త గంప వెనక్కి లాక్కుని. "అంత పెద్ద సెట్టుంటే నా పళ్ళెందుకు? దాని మీద సూడండి."

"చెట్టును కోయుట నిషిద్ధం" అన్నారు చక్రధరం గారు.

"కొయ్యడం కాదు బాబూ. కోత్తాదో లేదో సూడ్డం" అన్నాను.

ఆయన గొడుగు పక్కకి వంచి ఆకాశంలోకి చూశారు. వాన ఆయన కళ్ళజోడు మీద పడింది. "ఆ రెంటికీ భేదం ఉంది" అని నెమ్మదిగా అన్నారు. "స్పష్టమైన భేదం ఉంది. గురువులూ, పరికరాలు దించు. పరీక్ష ప్రారంభం."

అక్కడున్న డ్రైవర్లలో ఎవరి రంపం వాళ్ళకి వచ్చింది, మిగిలినవి తలా ఒకటి అందుకున్నారు. విల్లు రంపాలు కొమ్మల మీద పడ్డాయి. రెండు పిడుల రంపాలు మూడుంటే, వాటిని మాను మీద పెట్టారు. మా ఆయన ఒక కొస పట్టుకున్నాడు. ఇంకో కొస గురువులు పట్టుకున్నాడు, టోపీ తీసి పక్కన పెట్టి. "లాగు బావా, మేనకోడలు సూత్తంది" అంటున్నాడు.

చక్రధరం గారు గొడుగు కింద పెన్ను పట్టుకుని నిలబడ్డారు.

"ఒకటో రంపం. తెగుతోందా?"

"ఇంకా తెల్డం నేదు సార్. ఇంకొంచెం సూడాల!"

"చూడండి, చూడండి. తొందరపడి తీర్పు ఇవ్వకూడదు. నాలుగో రంపం?"

"ఇది కోస్తున్నట్టే ఉన్నాది సార్. రూఢి సేసుకోవాల!"

"రూఢి చేసుకోండి!"

కొమ్మలు లోయలోకి దొర్లాయి. రంపపుపొట్టు వానలో తడిసి ఎర్రగా రోడ్డు మీద పారింది. ఒకో రంపం పని పూర్తి చేస్తూంటే ఆయన ఒకో గడిలో 'విఫలం' అని రాసుకుంటూ పోయారు. అరగంట దాటాక ఆయన గొంతు కూడా మారిపోయింది. "పదిహేడోది బొత్తిగా పనికిమాలిందయ్యా! ఎంత లోతుకి దిగిందో చూడు! ఘోరంగా విఫలం!" అని ఎగురుతూ అరుస్తున్నారు. ఇస్త్రీ బట్టలకి బురద. మాను రెండు చోట్ల తెగింది. ముప్పై మందీ కలిసి మధ్య ముక్కని కొండవారకి దొర్లించారు. రంపం పట్టనివాళ్ళు ముందు సీట్లలోని అర్హత గల రంపాలు తెచ్చి చెట్టు కిందికి దోపి పైకెత్తారు. అందుకు అవి బాగానే పనికొచ్చాయి.

గంటా పది నిమిషాలు. చక్రధరం గారు తన జీపు పక్కకి తీయించి, మా జీపుని ముందు పంపారు.

ఆసుపత్రిలో నర్సమ్మ గుంట మూతికి గొట్టం పెట్టింది. పొగ లేచింది. నేను చెయ్యి వేసి లెక్కపెట్టాను. యాభై. నలభై ఎనిమిది. నలభై ఒకటి. ముప్పై నాలుగు దగ్గర అది కళ్ళు తెరిచి నర్సమ్మ జేబులోని పెన్ను లాక్కుంది. అప్పుడు ఏడ్చాను, తీరుబడిగా.

పదిరోజులకి శాఖ నుంచి పందొమ్మిది మందికీ తాఖీదులు వచ్చాయి. 'మీ రంపము శాఖాపరమైన పరీక్షలో నల్లమద్ది వృక్షమును కోసి విఫలమైనది. ఇందుకు కారణము తెలుపవలెను.' చక్రధరం గారికి ప్రశంసాపత్రం వచ్చిందని, పందొమ్మిదికి పందొమ్మిది అనర్హ రంపాలను రుజువులతో పట్టుకున్న మొదటి అధికారి ఆయనేనని గురువులు చెప్పాడు.

కారణం అన్న చోట నేను రాశాను: 'మా పాప ఇప్పుడు బాగానే ఊపిరి పీలుస్తోంది.'

జవాబు వచ్చింది. 'మీ సంజాయిషీ అందినది. ఊపిరి పీల్చుచున్నట్లు ధ్రువపత్రము జతచేయలేదు. బాలికను స్వయముగా హాజరుపరచి, అధికారి సమక్షమున మూడుమార్లు ఊపిరి పీల్పించవలెను.'

వెళ్ళాం. చక్రధరం గారు గుంటను తన బల్ల మీద, గాజు పలక మీద కూర్చోబెట్టుకున్నారు. ఒక పక్క గురువులు పుస్తకం పట్టుకుని నిలబడ్డాడు.

"ఏదమ్మా, ఒకటో ఊపిరి" అన్నారు ఆయన.

గుంట ఆయన్ని చూసింది. కళ్ళజోడుని చూసింది. ఛాతీ నిండా గాలి లాక్కుని, ఒక్క కేక పెట్టింది. వరండాలో టీ తాగుతున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. గాజు పలక ఝల్లుమంది. గురువులు పుస్తకం వదిలేశాడు. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా పిల్లికూత లేదు. అది పుట్టాక అంత పొడుగు కేక నేను వినలేదు.

చక్రధరం గారు రెండు చెవుల మీంచీ చేతులు తీసి, మిగతా రెండూ అక్కర్లేదన్నారు.

నేనే ఉండనివ్వమన్నాను. ఇంకోసారి విందామని.